నాయిన బ్యాటరీ - సెల్లుల లెక్క

మా ఊళ్ళో బ్యాటరీ అంటే టార్చ్‌లైటు. లోపల వేసేవి సెల్లులు. మా నాయిన దగ్గర రెండు సెల్లుల ఇత్తడి బ్యాటరీ ఒకటుంది. మొన్న సెలవుల్లో దాంట్లో పాత బల్బు తీసేసి ఎల్ఈడీ బల్బు వేశాను. ఈ వారం పోస్టు దాని గురించే. ఇంత చిన్న విషయం మీద పోస్టా అనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

ముందు ఆ బ్యాటరీ మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. నాయిన జీతగాడు. ఉగాదికి పటేలుతో జీతం మాట్లాడుకునేటప్పుడు ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని ఒప్పుకునేవాళ్ళు. ఒక ఏడు నాయిన బ్యాటరీ కూడా అడిగాడు. రాత్రిపూట బావి కాడికి పోవాల్సింది తనే కాబట్టి అడిగాడు. పటేలు బ్యాటరీ ఇచ్చాడు, సెల్లులు ఇవ్వలేదు. "బ్యాటరీ ఇచ్చిన గదరా, సెల్లులు గూడ నేనే ఎయ్యాల్నా?" అన్నాడట.

వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. అప్పు కింద మనిషిని పనికి కట్టేసుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం. 90లలో కూడా మా నాయిన అప్పు తీరకనే ఏటా అదే ఇంట్లో జీతం ఉన్నాడు. అట్లాంటి చట్టం ఒకటి ఉందని మా వాడకు వచ్చి చెప్పినవాళ్ళు లేరు.

ఆ రోజుల్లో రెండు సెల్లులు కొంటే అవ్వ నాటుకు పోయి తెచ్చిన ఒకరోజు కూలి దాదాపు అందులోనే పోయేది. అందుకని నాయిన బ్యాటరీని వెలిగించి ఉంచేవాడు కాదు. ఒకసారి నొక్కి ముందున్న నాలుగడుగులు చూసుకునేవాడు, ఆర్పేవాడు, ఆ నాలుగడుగులు చీకట్లో నడిచేవాడు, మళ్ళీ నొక్కేవాడు. పగటిపూట మేం పిల్లలం ఆడి సెల్లులు కాలుస్తామని ఒక సెల్లును తిరగేసి పెట్టేవాడు. వెలుగు ఎర్రబడితే సెల్లులు తీసి రోజంతా ఎండలో పెట్టేవాడు. దాంతో ఇంకో రెండు రాత్రులు గడిచేవి. ఇక పూర్తిగా అయిపోయాక అవి మావి. రాయితో పగలగొట్టి లోపలి నల్లపుల్ల తీసుకునేవాళ్ళం. నేను బండ మీద అ ఆలు దిద్దింది ఆ పుల్లతోనే.

రాత్రే ఎందుకు పోవాలి? వ్యవసాయానికి కరెంటు వంతుల లెక్కన వచ్చేది, మా వైపు వంతు ఎక్కువగా రాత్రిపూట పడేది. ఏ పన్నెండింటికో, రెండింటికో కరెంటు వస్తే ఎవరో ఒకరు పోయి స్టార్టర్ నొక్కాలి, మడి తర్వాత మడికి నీళ్ళు మళ్ళించాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు వచ్చింది. మంచిదే. బోరు ఉన్నవాళ్ళ బిల్లు పోయింది. అయితే వంతు వంతుగానే ఉంది. అర్ధరాత్రి ఒడ్డు మీద నడిచే కాళ్ళు ఎవరివో అవి వాళ్ళవే. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది 2018 జనవరి 1న. అప్పటికి నాయిన మోకాళ్ళు అరిగిపోయాయి.

మా చిన్నాయిన కూడా జీతగాడే. ఒక వానకాలం రాత్రి మోటరు కాడికి పోయి ఒడ్డు మీద పడిపోయాడు. తెల్లారి ఊరంతా ఒకటే మాట: "పురుగు ముట్టింది." రాత్రిపూట పాము పేరు తీయరు కదా, పురుగు అంటారు. నేను తెలుగు పాఠం చెప్పే మనిషిని, ఆ వాక్యం నన్ను ఇప్పటికీ వదలదు. అందులో కర్త పురుగు. రాత్రి కరెంటు ఇచ్చినవాళ్ళు అందులో లేరు. పంపిన పటేలు లేడు. చిన్నాయిన చేతిలో సెల్లులు అయిపోయిన బ్యాటరీ ఉన్న సంగతి కూడా లేదు. పురుగును ఎవరు నిలదీస్తారు? కేసు లేదు, పరిహారం లేదు. "చూసుకుంట నడవద్దా" అన్నాడు పటేలు. దేంతో చూసుకోవాలో చెప్పలేదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల వాళ్ళు, సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాట్లు పడేది కూడా ఆ నెలల్లోనే.

ఇక బల్బు సంగతి. ఇంటికి పోయినప్పుడు మీరూ చేయొచ్చు కాబట్టి వివరంగా చెప్తాను.

పాత బల్బు మెడ మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంది. అంటే ముప్పావు వాటు. అందులో పదో వంతు కూడా వెలుగు కాదు, మిగతాదంతా వేడి. తెల్ల ఎల్ఈడీ వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. రెండు కొత్త సెల్లులు కలిపితే సరిగ్గా 3 వోల్టులు, నాలుగు రోజులు వాడితే అంతకంటే తక్కువ. అందుకే వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ లోపలే ఉన్న బల్బు, రెండు సెల్లుల బ్యాటరీకి పనికొచ్చేది, అడిగి తీసుకోవాలి. నాలుగు సెల్లులకు చేసిన బల్బు ఇందులో సరిగా వెలగదు. బల్బు మెడ కొన్నిటికి మరలా ఉంటుంది, కొన్నిటికి అంచులా ఉంటుంది. పాత బల్బు జేబులో వేసుకుని షాపుకు పోతే ఏ ఇబ్బందీ ఉండదు.

పాత బల్బుకు సెల్లులు ఎటు వేసినా ఒకటే. ఎల్ఈడీలో కరెంటు ఒకవైపే పోతుంది. వేయగానే వెలగకపోతే బల్బు పోయిందని పారేయకండి, సెల్లులు రెండూ తిప్పి చూడండి. కింది స్ప్రింగు, బల్బు ఆనే రేకు చిలుము పడితే గరుకు కాగితంతో రుద్దండి. సెల్లు కారిన మరక ఉంటే తుడిచాక చేతులు కడుక్కోండి.

ఇంకో తేడా ఉంది. పాత బల్బు వెలుగు అన్నివైపులా పోయి వెనక గిన్నెకు తగిలి ఒక్క ధారగా దూరం పోతుంది. నేను వేసిన ఎల్ఈడీ వెలుగు నేరుగా ముందుకే పోయి దగ్గరలో వెడల్పుగా పరుచుకుంటుంది. చేను అవతల ఎవరున్నారో చూడాలనుకునేవాళ్ళకు అది నచ్చకపోవచ్చు. నడిచేవాళ్ళకు కావాల్సింది మాత్రం కాళ్ళ ముందరి నేల. పైగా అదే సెల్లులతో ఎక్కువ రాత్రులు వస్తుంది. నీలి ఎల్ఈడీ కనిపెట్టి ఈ తెల్ల వెలుగుకు దారి చూపిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మా వాడ తరఫున నేనూ వాళ్ళకు దండం పెడతాను.

కొత్త చార్జింగ్ లైటు కొనొచ్చు కదా అని ఒక విద్యార్థి అడిగాడు. నేను రెండు కొనిచ్చాను. ఏడాదికే లోపలి బ్యాటరీ చచ్చింది, విప్పడానికి మరలు కూడా లేవు. ఇత్తడిదాన్ని నాయినే విప్పుతాడు, నాయినే బిగిస్తాడు. సెల్లులు మా ఊరి కిరాణంలో దొరుకుతాయి.

బల్బు వేశాక నాయిన దాన్ని పట్టుకుని వాకిట్లో నడిచాడు. నొక్కాడు, ఆర్పాడు, నొక్కాడు. "ఇది చాన రోజులొస్తది నాయినా, ఆర్పకు" అన్నాను. "ఎలుగుతుంటె మీ అవ్వ కూలి కాలుతున్నట్టే ఉంటది బిడ్డా" అన్నాడు. నూరు రూపాయల లోపు బల్బుతో వెలుగు మారింది. ఇరవై ఏళ్ళు సెల్లుల లెక్క మోసిన ఆ బొటనవేలు మారలేదు.

క్లాసులో నేను కవిత్వం చెప్పేటప్పుడు వెలుగంటే చదువు, వెలుగంటే చైతన్యం అని ప్రతీకలు వివరిస్తాను. అవి అబద్ధం కాదు. కానీ వెలుగుకు ఒక ఖర్చుంది, ఆ ఖర్చు ఒకరి ఖాతాలో పడుతుంది. మనిషిని చీకట్లోకి పనికి పంపేవాళ్ళే ఆ ఖర్చు పెట్టుకోవాలి. బ్యాటరీ, సెల్లులు, బూట్లు పనిముట్లే, దయతో ఇచ్చే వస్తువులు కావు.

వానకాలం సెలవులకు ఊరికి పోతున్న పిల్లలు రెండు పనులు చేయండి. ఎవరినైనా పాము కరిస్తే కట్లు కట్టి, కోతలు పెట్టి, మంత్రాలతో గంటలు పోగొట్టకుండా కాలు కదపనీయకుండా నేరుగా విషానికి మందున్న ఆస్పత్రికి చేర్చండి. రెండోది, సంఘం తరఫున కూలిరేట్ల సర్వే చేస్తున్నవాళ్ళు మీ ఫారంలో ఇంకో గడి గీయండి: రాత్రి పనికి పోయేటప్పుడు సెల్లులు ఎవరు కొంటున్నారు? వచ్చిన జవాబులు ఊరి పేరుతో సహా నాకు పంపండి. అన్నీ ఒకచోట చేర్చి కార్మిక శాఖకు ఇద్దాం.

జై భీమ్.