పాత అంబాసిడరు – కొత్త పాఠం

పాడైన వస్తువును బాగుచేయించుకోవాలా, తీసేసి ఇంకోటి పెట్టుకోవాలా అన్న ప్రశ్న రైతు ఇంట్లో ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మోటారు కాలితే వస్తుంది, స్ప్రేయరు ఆగితే వస్తుంది. పోయిన వేసవిలో మా ఇంటికి అది గేరుబాక్సు రూపంలో వచ్చింది.

మిరప కలిసొచ్చిన ఒక ఏడు మా తాతగారు కొన్న సెకండ్ హ్యాండ్ అంబాసిడరు మాది. 1950ల చివర మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇవాళ రోడ్డు మీద కనబడే ప్రతి అంబాసిడరూ ఎవరో ఒక మేస్త్రి చేతి చలవతో బతుకుతున్నదే. వయసు మీద పడిన మా కారు మూడో గేరులో పోతున్నప్పుడు యాక్సిలేటరు మీద కాలు తీస్తే చాలు, గేరు దానంతటదే న్యూట్రల్లోకి జారిపోయేది. రెండో గేరు వేయబోతే కరకరమని అరిచేది. పాత ఇనుము వాళ్ళు తూకానికి బేరం పెట్టారు. నాన్న సగం ఒప్పుకున్నారు కూడా. "ఒక్కసారి మేస్త్రికి చూపిద్దాం నాన్నా" అని నేను పట్టుబడితే విజయవాడ ఆటోనగరుకు తీసుకుపోయాం.

మేస్త్రి గారు వెంటనే విప్పలేదు. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు దగ్గర్నుంచి గేరుబాక్సు దాకా లింకులూ బుష్షులూ కదిపి చూశారు. "ఇవి అరిగినా గేరు పూర్తిగా పడక జారుతుంది. జబ్బు పైనే ఉంటే లోపల కోయడం దేనికి?" అన్నారు. అవి బాగానే ఉన్నాయి. తర్వాత గేరుబాక్సు నూనె వార్చి, వేళ్ళ మధ్య రాసి ఎండలో పట్టారు. ఇత్తడి రంగు పొడి తళతళలాడింది.

"పాత బండ్లలోంచి తీసిన గేరుబాక్సులు దొరుకుతాయటగా, అదే బిగించేయరాదా?" అని నాన్న అడిగారు.

"దొరుకుతాయండీ. కానీ దాని వయసెంతో, ఎవరెట్లా తోలారో మనకు తెలియదు. దీని జబ్బేమిటో విప్పితే మనకు తెలిసిపోద్ది" అన్నారు మేస్త్రి గారు. నాన్న ఇంకో మాట మాట్లాడలేదు.

ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి గేరుబాక్సును కిందికి దించారు. మూత తీస్తే లోపల మా ఫిజిక్సు పుస్తకమే! పదిహేను పళ్ళ చక్రం నలభై అయిదు పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం మూడో వంతవుతుంది, తిప్పే బలం ఇంచుమించు మూడింతలవుతుంది. వేగాన్ని అమ్మి బలాన్ని కొనుక్కోవడమన్నమాట. మధ్యలో ఘర్షణ దళారీలాగా కొంత కమీషను పట్టుకుంటుంది.

గేరు మారేటప్పుడు వేరువేరు వేగాలతో తిరిగే భాగాలు కలవాలి. ఒక ఎద్దు పరుగెడుతూ, ఇంకోటి నడుస్తూ ఉంటే ఒకే కాడికి కట్టగలమా? ముందు అడుగు కలపాలి. ఆ పని సింక్రోనైజరుది. దాని శంకువు గేరు మీది ఉక్కు శంకువుతో ఒరుసుకొని ఇద్దరి వేగాలనూ సమం చేస్తుంది. మన సిలబసులో ఘర్షణ ఎక్కువగా నష్టం ఖాతాలోనే కనబడుతుంది. ఇక్కడ అది లేకపోతే గేరు సాఫీగా పడదు. మా కారు ఫస్టు గేరుకు ఈ ఏర్పాటు లేదు. అందుకే పాత డ్రైవర్లు బండి ఆగాకే ఫస్టు వేసేవారు.

పళ్ళు బాగానే ఉన్నాయి. సింక్రోనైజరు, ఒక బేరింగు, ఫోర్కు అరిగాయి. గేరును స్థానంలో నిలిపే చిన్న గోళీ వెనక స్ప్రింగు చచ్చుబడింది. అంత కారునూ తూకానికి అమ్మించబోయిన వాటిలో బొటనవేలంత కూడా లేని ఆ స్ప్రింగు ఒకటి! అవన్నీ మార్చారు. ఆయిల్ సీళ్ళతోపాటు క్లచ్ ప్లేటూ మార్చారు. దాని కోసం మళ్ళీ దించితే కూలి రెండింతలు. సూదుల్లాంటి రోలర్లను గ్రీజుతో అంటించి పేర్చే పని నాకు అప్పగించి, "లెక్కపెట్టు బాబూ, ఒకటి తగ్గినా మళ్ళీ విప్పాల" అన్నారు. మూడో రోజున బయల్దేరాం. కాలు తీసినా మూడో గేరు కదల్లేదు.

మేస్త్రి గారు చదివింది అయిదో తరగతి. ఆయన దగ్గర ఇప్పుడు పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. ఆయనకు టార్కు సూత్రం తెలియదు. నాకు సూత్రం తెలుసు గానీ, గేరు అరుపు విని జబ్బు చెప్పలేను. రెండు చదువులూ వేరువేరు వేగాలతో తిరుగుతున్నాయి. సోదర విద్యార్థులారా, సెలవుల్లో ఒక్క వారమైనా అలాంటి షెడ్డులో నిలబడి చూడండి. అడుగు కలపవలసింది మనమే.