తాళంచెవి నా దగ్గరుంటే డబ్బు నాదవుతుందా?

మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు "అన్నా, సిఐఎస్ఎస్‌పి ఎలా కొట్టావ్? ఏం పుస్తకాలు చదవాలి?" అని అడిగాడు. పుస్తకాల పేర్లు చెప్పి పంపించేశాను గానీ, అసలు సంగతి చెప్పలేదు. నేను మొదటిసారి తప్పాను. రెండోసారి గట్టెక్కానంటే అది పుస్తకాల కంటే మా నాన్న పుణ్యం.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఐఎస్‌సి2 అనే సంస్థ 1994 నుంచి ఇస్తున్న సెక్యూరిటీ సర్టిఫికేషన్ ఇది. మొత్తం ఎనిమిది విభాగాలు. రిస్క్ మేనేజ్‌మెంట్, నెట్‌వర్కులు, క్రిప్టోగ్రఫీ దగ్గర్నుంచి డేటా సెంటర్లో మంటలు ఎలా ఆర్పాలి అన్నదాకా అన్నీ అందులోనే. ఒకప్పుడు 6 గంటలు కూర్చుని 250 ప్రశ్నలు రాసేవారు. 2017 డిసెంబరు నుంచి ఇంగ్లీషు పరీక్షలో, మనం చెప్పే జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. 2024 ఏప్రిల్ నుంచయితే 3 గంటలు, 100 నుంచి 150 ప్రశ్నలు. ఒకసారి జవాబిచ్చాక వెనక్కెళ్ళి దిద్దుకోవడం కుదరదు. 1000కి 700 రావాలి. ఫీజు 749 డాలర్లు, అంటే 60 వేల రూపాయల పైమాటే. పాసైతేనే మా కంపెనీ తిరిగిస్తుంది.

పదకొండేళ్ళుగా సర్వర్లు, ఫైర్‌వాల్స్ చూస్తున్నవాణ్ణి, నాకేంటి అనుకున్నాను. నాలుగు నెలలు తెల్లవారుజామున లేచి చదివాను. 2024 ఆగస్టులో రాశాను. బయటికొచ్చాక రిసెప్షన్లో అమ్మాయి మడతపెట్టిన కాగితం చేతికిచ్చింది. ఆ మడత చూస్తేనే నాకెందుకో అర్థమైపోయింది. ఫెయిల్.

నెట్‌వర్కుల్లో బాగానే ఉంది. తన్నింది రిస్క్ మేనేజ్‌మెంట్, అసెట్ సెక్యూరిటీ. "ఇదంతా థియరీయే కదా" అని చివరి వారంలో తిరగేసిన విభాగాలవి. "పోనీలెండి, మళ్ళీ రాద్దురుగాని" అంది మా ఆవిడ. రాయాలన్నా 30 రోజులు ఆగాలి. ఈలోగా ఒక మిత్రుడు డంప్స్ పంపిస్తానన్నాడు. అబద్ధమెందుకు, ఒక పూటంతా ఊగాను. నీతి నియమాలకి కట్టుబడతానని ఒప్పుకుని రాసే పరీక్షని దొంగ ప్రశ్నలతో గట్టెక్కడం మరీ సిగ్గుచేటనిపించి వద్దన్నాను.

వినాయక చవితికి తెనాలి వెళ్ళాను. నాన్న ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశారు, అందులో ఎక్కువకాలం క్యాష్‌లోనే. "ఏం తప్పావురా అంత కష్టమైంది?" అన్నారు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయటికి చెప్పకూడదు కాబట్టి నేనే ఒకటి అల్లి చెప్పాను. కస్టమర్ల డేటాబేసు ఎవరెవరు చూడొచ్చో నిర్ణయించాల్సింది ఎవరు? డేటాబేస్ అడ్మినా, సెక్యూరిటీ టీమా, ఆ బిజినెస్ విభాగం హెడ్డా, ఆడిటరా?

"నువ్వేమంటావ్?" అన్నారు.

"సెక్యూరిటీ టీమ్ అనే అనిపిస్తుంది. కాపలా కాసేది మేమే కదా."

నాన్న నవ్వారు. "స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలుండేవిరా. ఒకటి నా దగ్గర, ఒకటి మా ఆఫీసరు దగ్గర. ఇద్దరం ఉంటేనే తలుపు తెరుచుకునేది. అంతమాత్రాన లోపల డబ్బు మాదా? ఎవరికెంత ఇవ్వాలో చెక్కు మీద సంతకం పెట్టినవాడు చెప్తాడు. నేను సంతకం చూసి, లెక్కపెట్టి ఇస్తాను. అంతే."

పుస్తకంలో ఓనర్, కస్టోడియన్, డ్యూయల్ కంట్రోల్ అని మూడు చోట్ల చదివి బట్టీపట్టిన సంగతి అది. నేను పదకొండేళ్ళూ తాళంచెవి చేతిలో పెట్టుకుని డబ్బు నాదే అనుకున్నాను. ఏ ప్రశ్న చూసినా ముందు చెయ్యి పెట్టి బాగుచేసెయ్యాలని చూసేవాణ్ణి. పరీక్ష అడిగేదేమో, ఇది ఎవరు తేల్చాల్సిన విషయం, వాళ్ళకి నువ్వు చెప్పావా అని.

అక్టోబరులో మళ్ళీ రాశాను. ప్రతి ప్రశ్నకీ "డబ్బు ఎవరిది, తాళం ఎవరి దగ్గరుంది" అని అడుగుకుంటూ పోయాను. నూరో ప్రశ్న కాగానే తెర ఆగిపోయింది. నూరు దగ్గర ఆగితే బాగా రాశామనీ కావచ్చు, ఇక లాభం లేదనీ కావచ్చు. రిసెప్షన్ దాకా నడిచిన ఆ ఇరవై అడుగులూ నాకింకా గుర్తున్నాయి. పాసయ్యాను. నాన్నకి ఫోన్ చేస్తే "మరి మొదటిసారి కట్టిన డబ్బులిస్తారా?" అన్నారు. ఇవ్వరు.

నాకు అసలు పరీక్ష ఆ తర్వాత మూడు నెలలకి వచ్చింది. సోమవారం డెమో ఉందని, ప్రొడక్షన్ డేటా టెస్ట్ సర్వర్లోకి కాపీ చెయ్యమన్నారు మా మేనేజరు. పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు అన్నీ ఉన్న డేటా. నాకు యాక్సెస్ ఉంది, పది నిమిషాల పని. ఇదివరకు రెండు మూడుసార్లు చేసిచ్చాను కూడా. ఈసారి "ఆ విభాగం హెడ్ దగ్గర్నుంచి ఒక మెయిల్ ఇప్పించండి సార్" అన్నాను. "సర్టిఫికెట్ రాగానే కొమ్ములొచ్చాయే!" అన్నారు. మెయిల్ వెళ్ళింది. "డెమోకి అసలు నంబర్లెందుకు?" అని అటునుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. వివరాలన్నీ మార్చేసిన డేటాతో డెమో రెండు రోజులు ఆలస్యంగా జరిగింది. ఆ ఏడాది నా అప్రైజల్లో సర్దుకుపోయే గుణం తగ్గిందని రాశారు.

ఆ రాత్రే నా పాత కాపీలు గుర్తొచ్చాయి. వెతికితే ఒకటి ఇంకా టెస్ట్ సర్వర్లో, టీమంతటికీ కనపడేలా ఉంది. పెట్టింది నేనే. చప్పుడు చెయ్యకుండా తీసేద్దామా అనిపించింది. కానీ అదీ నాది కాదు కదా. నేనే చేశానని ఆ విభాగం హెడ్‌కి రాసి, వాళ్ళు సరేనన్నాకే తీసేశాను. ఆ మెయిల్ రాయడానికి పట్టిన ధైర్యం ముందు ఆ మూడు గంటల పరీక్ష ఎంత!

ఆ కుర్రాడికి ఈసారి కనిపిస్తే పుస్తకాల సంగతి మళ్ళీ చెప్పను. రిస్క్ మేనేజ్‌మెంట్‌ని ఆఖరి వారానికి వదిలెయ్యొద్దనీ, చేతికి వచ్చిన పని చేసేముందు అది ఎవరి డబ్బో ఒక్కసారి అడగమనీ చెప్తాను. అప్రైజల్ సంగతి మాత్రం వాడు పాసయ్యాక చెప్తాను.