చిక్కిన ముఖము

నిరుడు సంక్రాంతికి మేము కావలి దాపుననున్న మా పల్లెకు పోయితిమి. వాకిట చెప్పులు విడుచుచుండగనే మా యమ్మ చేతిలోని చేటను క్రింద పెట్టి, మా మొగమువంక తేరిపార జూచి, “ఏంది అబ్బయ్యా, ఇట్టా అయిపోయినావు? ఏం జబ్బురా? నాతో చెప్పకుండా దాచినావా?” అని కొంగు కన్నుల కద్దుకొన్నది. మాకు జబ్బేమియు లేదనియు, రాబోవుచుండిన జబ్బే వెనుకకు మరలినదనియు, దసరా మరునాడు మొదలిడి పదునొకండు వారములలో 89 కిలోల బరువును 73 కిలోలకు దించితిమనియు, రక్తములోని చక్కెర చక్కగా దిగివచ్చినదనియు విజయగర్వముతో విన్నవించితిమి. ఆమె వినలేదు. మా నాయనగారు మధుమేహముతో పోయినవారు. పోవుటకు ముందటి యేడాది ఆయన చెక్కిళ్లు రెండును లోనికి పోయినవి. కణతలు గుంటలు పడినవి. గడ్డముక్రింది తోలు వ్రేలాడినది. మా మొగమున ఆమెకు కనబడినది ఆ యేడాది.

ఆ రాత్రి, అందరును నిద్రించిన వెనుక, మేము దీపము వేసికొని అద్దము ముందర నిలిచితిమి. ఇరువదియేండ్లుగా తరగతిలో శరీరము నశ్వరమనియు, అలంకారము అల్పుల వ్యసనమనియు బోధించుచు వచ్చిన మేము, మా దవడను రెండు వ్రేళ్లతో పైకి లాగి, ఇంతమాత్రము బిగిసియున్న ఎంత బాగుండునని చూచుకొన్నాము. చదువరులు నవ్వవచ్చును. మేమును ఇపుడు నవ్వుచున్నాము. ఆనాడు మాత్రము నవ్వు రాలేదు.

మా నెల్లూరివారికి బరువు తగ్గుట యెంత కష్టమో పరదేశీయులకు తెలియదు. ఊరి పేరులోనే వరి యున్నదని కొందరందురు. మొలగొలుకుల బియ్యమునకు పేరుపడిన సీమ. పెన్న నీరు పారినంత మేర పచ్చని మళ్లు. ఉదయము కారందోసె, మధ్యాహ్నము చేపల పులుసుతో మూడుమారులు వడ్డించుకొనిన అన్నము, సాయంకాలము దుకాణము ముందునుండి పోవునపుడు మలై కాజా. 46వ యేట వైద్యురాలు మా మూడు నెలల చక్కెర లెక్క 6.3 అని చూపి, “సంవత్సరములో పది కిలోలు తగ్గండి, చాలును” అనిరి. మేము సంవత్సరమను మాటను వదలి, పది కిలోలను మాటను పట్టుకొన్నాము. తోడి ఉపాధ్యాయుడొకడు ఉపదేశించిన పథ్యమును చేపట్టితిమి: అన్నము లేదు, దినమున కొక్కటే భోజనము, తక్కిన వేళల నిమ్మనీరు. పది కిలోలు ఆరు వారములలోనే పోయినవి. పోవుచున్నవి గదా యని ఇంకను పోనిచ్చితిమి. పరీక్షలో నూటికి నూరు తెచ్చుకొనవలెనను బాల్యపు రోగము మమ్ము విడువలేదు.

సెలవులు కాగానే మరల ఆ వైద్యురాలి కడకు పోయితిమి. చక్కెర సంగతి అడుగుటకు వచ్చితిమని నటించి, తుదకు మొగము సంగతి అడిగితిమి. ఆమె నవ్వలేదు. దిండును గలేబును ఉపమానముగా చెప్పిరి. దిండులోని దూది సగము తీసివేసినచో గలేబు తనంతట కుంచించుకొనదు గదా. బాల్యమున చర్మమనెడి గలేబు రబ్బరువలె లాగినది లాగినట్లు తిరిగి ముడుచుకొనును. నలువది దాటిన పిమ్మట ఆ శక్తి తగ్గును. చర్మమునకు బిగువు నిచ్చునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. అది యౌవనము మొదలుకొని యేటేట నూటికి ఒకవంతు చొప్పున తరుగుచుండునని శాస్త్రజ్ఞుల అంచనా. స్త్రీలకు ముట్లుడిగిన తరువాతి మొదటి అయిదేండ్లలో ఈ తరుగు నూటికి ముప్పదివంతుల వరకు నుండును. మొగములోని క్రొవ్వు ఒకే పొరగా పరచుకొని యుండదు; చిన్నచిన్న అరలుగా విడివిడిగా నుండును. 2007లో రోరిక్, పెస్సా అను అమెరికా శస్త్రవైద్యు లిద్దరు మృతదేహములలో రంగునీరు ఎక్కించి ఈ అరల సరిహద్దులను చూపిరి. కావున బరువు తగ్గినపుడు మొగమంతయు సమముగా సన్నబడదు. ఒకచోట గుంట పడును, ఒకచోట తోలు జారును.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి యున్నది. 2009లో అమెరికాలో 186 జంటల ఏకరూపపు కవలలను పరిశీలించి ఒక పరిశోధన ప్రకటించిరి. ఒకే రక్తము, ఒకే రూపము. జీవనవిధానము మాత్రము వేరు. ఎండలో తిరిగినవారును, పొగత్రాగినవారును తోబుట్టువులకంటె పెద్దవారుగా కనబడిరి. బరువు విషయమున మాత్రము లెక్క తారుమారైనది. నలువదియేండ్ల లోపువారిలో లావుగా నున్నవాడు పెద్దవాడుగా కనబడెను. నలువది దాటినవారిలో లావుగా నున్నవాడే చిన్నవాడుగా కనబడెను! అనగా మా వయసున నడుము కోరిన మొగము తగ్గును, మొగము కోరిన నడుము పెరుగును. మహాభారతమున యయాతికి శుక్రశాపమున ముడుతలు వచ్చినపుడు యౌవనమిచ్చుటకు పూరుడుండెను. మాకును పదునేడేండ్ల పుత్రుడున్నాడు. ఈ కష్టము వానితో చెప్పగా, “ఫోటోకైతే ఫిల్టరు పెట్టుకో నాన్నా” అని తన గదిలోనికి పోయినాడు.

అయినను పూర్తిగా నిరాశపడవలసినది లేదని వైద్యురాలు చెప్పిరి. మా దోషము సన్నబడుటలో లేదు, వేగములో నున్నది. వారమునకు అరకిలో తగ్గినచో చర్మమునకు సర్దుకొనుటకు కొంత వ్యవధి చిక్కును. పస్తులచే తగ్గిన బరువులో క్రొవ్వు మాత్రమే పోదు. సుమారు నాలుగవవంతు కండయు పోవును. కండ నిలువవలెనన్న రెండు కావలెను: మాంసకృత్తులు, బరువులెత్తు వ్యాయామము. మూత్రపిండములు బాగున్నవానికి శరీరపు బరువులో కిలో కొక గ్రాము చొప్పున, లేదా కొంచె మెక్కువగా మాంసకృత్తులు అందవలెనట. మాకు దినమునకు డెబ్బదియైదు గ్రాములు. కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములు, నూరుగ్రాముల చేపలో ఇంచుమించు ఇరువది, నిమ్మనీటిలో సున్న.

ఇంటికి వచ్చి చరకసంహిత తీసితిమి. సూత్రస్థానమున 21వ అధ్యాయములో నిందితులైన ఎనిమిది విధముల శరీరములవారిని చెప్పుచు అతిస్థూలునితోపాటు అతికృశునిగూడ ఆ వరుసలోనే కూర్చుండబెట్టినారు. ఇద్దరిలో కృశుడే కొంత మేలని తీర్పు చెప్పిరి గాని, స్థూలునికి పస్తులు విధింపలేదు. కడుపునకు బరువుగా నుండి, ఒంటికి క్రొవ్వు పట్టింపని ఆహారము పెట్టుమన్నారు. ఈ యధ్యాయమును మేము విద్యార్థిదశలో వల్లించియే యున్నాము. వల్లించుటకును తినుటకును నడుమ ఇరువదియైదేండ్లు పట్టినవి.

ఎండ సంగతి వేరుగా చెప్పవలెను. మా బడి పట్టణమునకు తూర్పున సముద్రపు దరి నున్నది. పందొమ్మిదేండ్లుగా ద్విచక్రవాహనముపై ఉదయము తూర్పునకు పోవుదుము, సాయంకాలము పడమటికి వత్తుము. పోవునపుడును సూర్యుడు మొగముపైననే, వచ్చునపుడును మొగముపైననే. ఈ సంగతి మాకు ఇన్నేండ్లు తోచనే లేదు. మా నెల్లూరిలో సూర్యుడు ఏడాదికి రెండుమారులు, ఏప్రిల్ చివరను, ఆగస్టు నడుమను, నడినెత్తిపై నిలుచును. మైపాడు దరిని వలలు బాగుచేసికొను పల్లెకారులను చూడుడు: నలువదియేండ్లవాని దేహము ఇనుపకడ్డీవలె నుండును, మొగము మాత్రము అరువదియేండ్ల ముడుతలతో నుండును. మీదినుండి పడునది, నీటినుండి ఇసుకనుండి ఎగసిపడునది, రెండును వారి మొగమునకే. 2012లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక 69 ఏండ్ల లారీచోదకుని చిత్రము ప్రకటించెను. 28 ఏండ్లు బండి తోలినవాడు. కిటికీవైపునకు తగిలిన ఎడమచెంప మాత్రము దున్నిన చేనివలె ముడుతలు పడినది, కుడిచెంప వయసునకు తగినట్లే యున్నది. అద్దము గుండ దూరివచ్చు కిరణములే అందుకు కారణము. నేడు మేము 30 అంకెగల సన్‌స్క్రీన్ లేపనమును రెండువ్రేళ్ల పొడవున తీసి పూసికొని బడికి పోవుచున్నాము. మొదటిదినము ప్రధానోపాధ్యాయులు, “ఏం సార్, నాటకమా?” అనిరి.

పూతలన్నిటిని నమ్మరాదు. మాకు తెలిసిన యింటి పిల్ల యొకతె, తెలుపు వచ్చునని మందుల దుకాణములో అడిగి కొన్న పూతను ఏడాది వాడినది. అందున్నది స్టెరాయిడు. మొగపు తోలు ఉల్లిపొరవలె పలుచబడి, ఎర్రని నరములు పైకి తేలి, పూత మానినంతనే మంట. 2018లో ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడు పూతలను వైద్యుని చీటి లేక అమ్మరాదని నియమించినది. నియమ మున్నది, దుకాణమును ఉన్నది. 2021 మే నెలలో మా జిల్లాలోని కృష్ణపట్నమున కోవిడు మందుకై వేలజనము మూగినపుడు ఆ తొక్కిడిని చూచి మేము ఆశ్చర్యపడితిమి గాని, భయము పట్టినవాడు వరుసలో నిలుచును. ముడుత పట్టినవాడును నిలుచును. 2025లో మార్చియందు మౌంజారో, జూనునందు వెగోవీ అను సూదిమందులు మన దేశమున విక్రయమునకు వచ్చినవి. వానితో త్వరగా చిక్కినవారి మొగమునకు పాశ్చాత్యులు, అదే జాతి మందు పేరు పెట్టి, “ఓజెంపిక్ మొగము” అని బిరుదిచ్చిరి. అట్టి బిరుదు నిమ్మనీటితోనే సంపాదించిన ఘనత మాది.

ఇంతవరకు వ్రాసినది మా మొగమునుగూర్చి. ఇక దాచుటకు వీలులేని సంగతి.

మా రెండవ దర్శనమున, గ్రుడ్లు, చేపలు, పెసలు అని వైద్యురాలు పట్టీ వ్రాయుచు, ప్రక్కన కూర్చున్న మా యింటియామెను చూచి, “మీరేమి తిందురమ్మా?” అనిరి. ఆమె, “మామూలేనండి” అన్నది. “మామూలనగా?” అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగగా సంగతి బయటపడినది. మాకు గ్రుడ్లు లెక్కపెట్టి ఉడికించి, పుత్రునికి క్యారియరు కట్టి, మా కొరకు వేరుగా, వానికొరకు వేరుగా పొయ్యి వెలిగించి, పగలు మూడింటికి మిగిలిన అన్నమును, ఆవకాయను, పలుచని మజ్జిగను తిని లేచుట ఆమె మామూలు. రక్తము చూడగా హిమోగ్లోబిను 8.9. ఆమెకు 43 ఏండ్లు. కన్నులక్రింద గుంటలు మాకంటె ముందే పడినవి, చెక్కిళ్లు మాకంటె ముందే జారినవి. బరువు ఒక్క కిలోయు తగ్గలేదు. మా మొగము చిక్కినదని తల్లి యేడ్చెను, తోడివారు పలుకరించిరి, విద్యార్థుల తండ్రులు సయితము దారిలో ఆపి అడిగిరి. ఆమెను “నీ కేమి జబ్బు?” అని అడిగినవా రెవ్వరును లేరు, మేమును అడుగలేదు. అడుగుటకు ఆ మొగమును చూచినగదా! 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని తేలినది. ఆ సంఖ్యను మేము మా తరగతిలో నల్లబల్లమీద వ్రాసి చూపినవారము.

ఆనాటినుండి మా యింట రెండు పథ్యములు లేవు. ఒకటే వంట, ఒకటే వేళ, ముగ్గురును ఒక్కమారు కూర్చుందుము. ఇది చెప్పినంత సులువుగా జరుగలేదు. మొదటి నెల ఆమె తన పళ్లెములోని చేపముక్కను మాటలలో పెట్టి పుత్రుని పళ్లెములోనికి జార్చుచుండెను. మేము కాపలాదారునివలె చూచుచుంటిమి. ఒకటి రెండుమారులు కలహమును పడితిమి. ఇనుపమాత్రలు ఆరునెలలు మ్రింగినది. తెల్లవారుజామున ఇద్దరమును మేడమీద గుంజిళ్లు తీయుదుము. చిన్ననాడు మాచే గుంజిళ్లు తీయించిన పంతులుగారు చూచినచో ఏమనుకొందురో! తరువాత చెరియొక ఇసుకసంచిని ఎత్తి దించుదుము. మా బరువు మరల 76 కిలోలకు వచ్చి అక్కడ నిలిచినది; చక్కెర లెక్క 5.7. చెక్కిళ్లు కొంత పూడినవి. గడ్డముక్రింది తోలు పూడలేదు. అది యిక పూడదని వైద్యురాలు నిక్కచ్చిగా చెప్పిరి. గడ్డము పెంచిన కనబడదని మా పుత్రుని సలహా. ఆలోచించుచున్నాము.

దసరాకు మరల పల్లెకు పోయితిమి. మా యమ్మ వాకిటనే యున్నది. ఈమారు ముందుగా కోడలి గడ్డము పట్టుకొని వెలుతురువైపునకు త్రిప్పి చాలసేపు చూచినది. “ఇప్పుడు మనిషిలెక్క ఉండావే తల్లీ” అన్నది. తరువాత మావైపు తిరిగి, “వీడికి ఇంకా పెట్టాల” అని లోనికి నడచినది. లోపలినుండి నూనెలో బొమ్మిడాయిలు వేగుచున్న వాసన వచ్చుచుండెను.