నల్లబల్లపై నా బొమ్మ

నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున ఒకనాడు 8వ తరగతి నల్లబల్లపై నా బొమ్మ కనబడెను. తల నిమ్మపండంత, కండ్లద్దములు బండిచక్రములంత! దానిని తుడిపించి, గీసిన బాలునిచే గోడకుర్చీ వేయించితిని.

ఆ రాత్రి వ్యంగ్యచిత్రకారుడు శంకర్ పిళ్ళె జ్ఞప్తికి వచ్చెను. ఆయన 1902లో కేరళమందలి కాయంకుళమున జన్మించెను. 1932 నుండి 1946 వరకు ఢిల్లీలో ఒక ఆంగ్ల దినపత్రికకు బొమ్మలు గీసెను. పిదప 1948లో ‘శంకర్స్ వీక్లీ’ యను సొంత వారపత్రికను స్థాపించెను. కొలువునందు నెల తిరుగగానే జీతము చేతికి వచ్చును. సొంత పత్రికకు కాగితపు వెల, అచ్చుకూలి తానే సమకూర్చుకొనవలెను. ఐనను తన గీతకు తానే యజమాని. ఆ పత్రికను ప్రారంభించుచు ప్రధాని నెహ్రూ తన్ను సైతము విడువవలదని కోరెను. శంకర్ విడువలేదు. 27 ఏండ్లు నడచిన ఆ పత్రిక 1975లో, అత్యవసర పరిస్థితి కాలమున, నిలిచిపోయెను.

దేశమేలు ప్రధాని సహించిన నవ్వును బడిపంతులనగు నేను సహింపలేకపోతిని! మరునాడు బాలుని పిలిచి, “నాయనా, ఆ బొమ్మ మరల గీయుము” అంటిని. వాడు వణకుచు గీసెను. పోలిక చక్కగా కుదిరెను. కండ్లద్దములు మాత్రము చిన్నవైనవి. అది చూచి నాకు నవ్వు రాలేదు.

బాలలారా, తుడిచిన బొమ్మను మరల గీయవచ్చును; తుడిచిన ధైర్యము మరల వచ్చుటకు చాల దినములు పట్టును.