మెరిసే పిస్తోలు, మొద్దు రివాల్వరు

మా బళ్లారి ఇంట్లో దసరా అంటే నాకు రెండు సంగతులు గుర్తు. ఒకటి అమ్మ చేసే ఓళిగలు. రెండోది ఆయుధపూజ నాడు నాయన బీరువాలోంచి బయటికి తీసే రివాల్వరు. నాయనది పత్తి వ్యాపారం. సిరుగుప్ప వైపు పల్లెల్లో రైతులకు ఇవ్వాల్సిన రొక్కం సంచిలో పెట్టుకుని జీపులో పోయేవాడు. అందుకోసమే లైసెన్సు తీసుకున్నాడు.

ఆ రివాల్వరు పాత ఇంగ్లీషుది, పాయింటు ముప్పై రెండు. నలుపు వెలిసిపోయి, పిడి చెక్క అరిగిపోయి, చూడ్డానికి పాత పట్టకారులా ఉండేది. చిన్నమామ దగ్గర మాత్రం విదేశీ పిస్తోలు ఉండేది. వెండిలా తళతళలాడేది. పిడికి తెల్లటి ముత్యపు చిప్ప తొడుగు.

1983 దసరాకు ఆ రెండూ కుంకుమ బొట్లతో ఒకే పీట మీదికి చేరాయి. పూజ అయ్యిందో లేదో వాదన మొదలైంది.

“బావా, ఇంకా ఈ మొద్దునే మోస్తావా? నాది పలచన, చొక్కా కింద పెట్టుకుంటే కనపడదు. పైగా ఎనిమిది తూటాలు” అన్నాడు మామ.

మా పెదనాయన పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. “ఎనిమిది సరే అబ్బాయ్, పాత తూటా ఒకటి పేలకపోతే? రివాల్వరైతే మళ్లీ మీట నొక్కితే చక్రం తిరిగి ఇంకో తూటా వస్తుంది. నీదైతే రెండు చేతులతో పైభాగం వెనక్కి లాగి పాడైనది బయట పడెయ్యాల. ఒక చేతిలో రొక్కం సంచి ఉంటే ఎట్ల లాగుతావు?” అన్నాడు. రివాల్వరు మీట బరువనీ, ఆరు అయిపోయాక నింపడం ఆలస్యమనీ కూడా ఆయనే ఒప్పుకున్నాడు. నాయన తమలపాకు నములుతూ వింటున్నాడు.

నాకప్పుడు పదకొండేళ్లు. నా కళ్లు ఆ వెండి పిస్తోలు మీదే. మామ చూశాడు. మేగజీన్ ఊడదీసి జేబులో వేసుకుని, “ఇప్పుడు ఖాళీ, పట్టుకో” అని చేతికిచ్చాడు.

ఎంత అందంగా ఉందో! గోడ వైపు తిప్పి, సినిమాలో మాదిరి మీట నొక్కాను.

ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. గుండు జొన్నల మూటలో దిగింది. దాని పక్కనే చెల్లెలు పూలు గుచ్చుతూ కూర్చుని ఉంది. ఎడం జానెడు. మేగజీన్ తీసేసినా గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండొచ్చన్న సంగతి మామకు తెలుసు. ఆ పూట మరిచిపోయాడు, అంతే. బయటినుంచి చూస్తే అందులో ఏమీ కనపడదు. మూటకు పడిన చిల్లులోంచి జొన్నలు కారుతూ ఉంటే ఎవ్వరూ మాట్లాడలేదు.

నాయన నన్ను తిట్టలేదు, మామనూ అనలేదు. తన రివాల్వరు నడిమికి విరిచి తెరిచి, చక్రాన్ని వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. “లెక్కపెట్టు” అన్నాడు. ఆరు బొక్కలు. ఆరింట్లోంచీ వెలుతురు కనపడింది. ఆ తర్వాత ప్రతి దసరాకూ నాతో లెక్కపెట్టించాకే పీట మీద పెట్టేవాడు. ఎన్నికలొచ్చి స్టేషనులో అప్పగించి తెచ్చుకున్నప్పుడూ అంతే. మామ ఆ పిస్తోలు మళ్లీ మా గడపలోకి తేలేదు. రెండేళ్లకు అమ్మేశాడట.

నాయన 2016లో పోయాడు. లైసెన్సున్న మనిషి పోతే ఆయుధం ఇంట్లో ఉంచుకోకూడదు గనుక డీలరు దగ్గర అప్పగించాము. వారసుడిగా నా పేరున లైసెన్సుకు అర్జీ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగా, బెంగుళూరులో రాత్రి డ్యూటీలు చేసే చెల్లెలి కూతురు ఇంటికొచ్చింది. కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’ గురించి అడిగింది. టైటానియం మిశ్రలోహంతో చేసిన ఆరు తూటాల చిన్న రివాల్వరు అది. బరువు అరకిలో, వచ్చిన కొత్తలో ధర లక్షా ఇరవై రెండు వేల చిల్లర. నగల పెట్టెలాంటి డబ్బాలో పెట్టి ఇచ్చేవారు.

“చేతిసంచిలో పడుతుంది మామా, చూడ్డానికీ బాగుంది” అంది.

నేను పెదనాయన వాదనంతా అప్పజెప్పబోయాను. చెల్లెలు అడ్డం వచ్చింది. “అది పేలుతుందా లేదా అని మీరంతా ఆ రోజు గంటసేపు కొట్లాడుకున్నారు. పేలకూడనప్పుడు పేలకుండా చూసేదెవరని ఒక్కరూ అడగలేదు. రోజూ రాత్రి రెండింటికి అలిసిపోయి గదికి చేరే పిల్ల, అదే గదిలో ఇంకో ముగ్గురు పిల్లలు. దినమూ తెరిచి లెక్కపెట్టేదెవరు?” అంది.

మేనకోడలు మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాయనకున్న ఆ నియమం నాకుందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేకపోయాను.

మరుసటి నెల అర్జీ రాసుకుని, డీలరు దగ్గరున్న రివాల్వరు తీసి పోలీసుశాఖకు అప్పగించేశాము. అక్కడి ఉద్యోగి దాన్ని విరిచి తెరిచి, చూసుకోమన్నట్టు నా వైపు తిప్పాడు. చెల్లెలు కూడా నా పక్కనే ఉంది. ఇద్దరం పైకే లెక్కపెట్టాము. ఆరూ ఖాళీయే.