ఇంటిబండికి ఆకాశవాణి

మోటార్‌హోమ్‌ని మా ఇంట్లో ‘ఇంటిబండి’ అంటాం. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. పొయ్యి, పడక, నీళ్ళ ట్యాంకు, స్నానాల గది అన్నీ ఉండి, కింద ఆరు చక్రాలున్న దాన్ని మరేమనాలి అంది. రెండు కుటుంబాల వాళ్ళం పొత్తున కొనుక్కున్న పాత బండి అది. పొత్తు వ్యవహారం గనక దానికి ఒక మేకు కొట్టాలన్నా నలుగురం కూర్చుని తీర్మానం చెయ్యాలి. కిందటేడు వసంతంలో అలాంటి తీర్మానమే ఒకటి జరిగింది. బండికి శాటిలైట్ రేడియో పెట్టాలని. ఎవరిచేతా పెట్టించలేదు, మేమే రెండు శనివారాలు కష్టపడి పెట్టుకున్నాం. ఆ తరవాత వనభోజనాల్లోను, దీపావళి విందులోను కనీసం అరడజనుమంది మిత్రులు “ఎలా పెట్టారండీ, ఎంతయిందండీ, తెలుగు వస్తుందా అండీ” అని అడిగారు. విడివిడిగా చెప్పేకంటే మన పత్రికలో రాసేస్తే అందరికీ ఒకేసారి జవాబిచ్చినట్టుంటుందని ఈ ప్రయత్నం. మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు తేలిక. మూడోదానికే కాస్త పొడుగు.

అసలు ఇంత రేడియో దేనికని కొందరికి అనుమానం రావచ్చు. మన ఓక్‌విల్‌లో సరస్సు ఒడ్డున నిలబడితే, మబ్బు లేని రోజున 553 మీటర్ల సి.ఎన్. టవర్ కంటికి కనిపిస్తుంది. టొరంటో స్టేషన్లు చాలావరకు ఆ టవర్ మీంచే పలుకుతాయి కాబట్టి ఇక్కడ రేడియోకి కరువు లేదు. ఎఫ్ఎమ్ తరంగాలు ఇంచుమించు చూపు మేరకే పోతాయి. బండి తీసుకుని 400 హైవే ఎక్కి ఉత్తరానికి పోతుంటే, పారీ సౌండ్ చేరేలోగా మనకి అలవాటైన గొంతులు ఒక్కొక్కటే గరగరలాడి ఆగిపోతాయి. సడ్‌బరీ దాటి, సూ సెయింట్ మేరీ నుంచి వావా దాకా సుమారు 225 కిలోమీటర్లు ఒక పక్క సుపీరియర్ సరస్సు, ఇంకో పక్క కొండా అడవీ. అక్కడ సెల్‌ఫోను కూడా చాలాచోట్ల మూగబోతుంది. ముందు దారిలో వాన ఉందో, మంచు పొగ ఉందో చెప్పే మనిషి ఉండడు. అలాంటి చోట పైనుంచి వచ్చే రేడియో విలాసం కాదు, తోడు.

పైనుంచి అంటే ఎంత పైనుంచి? భూమధ్యరేఖ మీద సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే ఉపగ్రహాలవి. అమెరికాలో ఎక్స్ఎమ్ కంపెనీ 2001లో ఎగరేసిన మొదటి రెండింటికీ ‘రాక్’, ‘రోల్’ అని సరదా పేర్లు. సిరియస్ కంపెనీ ఇంకో దారి పట్టింది. 2000లో మూడు ఉపగ్రహాలు ఎగరేసి, కోలగా ఉండే దారిలో తిప్పి, ఒక్కోటీ రోజుకి 16 గంటలు ఉత్తరార్ధగోళం మీదే ఉండేలా చేసింది. ఉత్తరాన ఉన్నవాళ్ళకి నడినెత్తికి దగ్గరగా ఉంటుందని ఆ ఏర్పాటు. ఆ మూడూ తరవాత విశ్రాంతి తీసుకున్నాయి. కంపెనీలు కూడా అమెరికాలో 2008లో, కెనడాలో 2011లో కలిసిపోయాయి.

ఈ భూగోళం పాఠం ఎందుకంటే, యాంటెన్నా ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది. ఓక్‌విల్ నుంచి చూస్తే ఒక ఉపగ్రహం దాదాపు సూటిగా దక్షిణాన, నేలకి 40 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రెండోది నైరుతిలో ఇంకా కిందికి, 29 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఇవి ఇంకా వాలిపోతాయి. మన ప్రయాణాలన్నీ ఉత్తరానికే గనక ఉపగ్రహం ఎప్పుడూ మన వీపు వెనకే. బండి పైకప్పు మీద ఉండే ఎ.సి. పెట్టెకి సరిగ్గా ముందు యాంటెన్నా పెడితే, వెనకనుంచి వచ్చే తరంగాలకి ఆ పెట్టే అడ్డం. అడుగు ఎత్తు పెట్టె అడుగున్నర దూరం దాకా నీడ పరుస్తుంది. మేము పక్కకి జరిపి, నాలుగడుగులు వదిలాం.

ఆ యాంటెన్నా అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అడుగున అయస్కాంతం ఉంటుంది. కారుకైతే అలా పెడితే అంటుకుంటుంది. ఇంటిబండి పైకప్పు కర్ర మీద పరిచిన రబ్బరు, లేదా ఫైబర్‌గ్లాస్. దేనికీ అయస్కాంతం అంటదు. అరచేతంత ఇనుపరేకు కొని, తుప్పు పట్టకుండా రంగు వేసి, పైకప్పుకి అతికించి దానిమీద పెట్టాం. ఫైబర్‌గ్లాస్ గుండా ఈ తరంగాలు దూరిపోతాయి కాబట్టి, ముందు భాగం మొత్తం ఆ పదార్థమే అయిన బండ్లలో కొందరు యాంటెన్నాని లోపలే దాచేస్తారు. అది కూడా మంచి పద్ధతే.

తీగ లోపలికి తేవడానికి పైకప్పుకి కన్నం పెట్టకండి. ఇంటికైనా బండికైనా కన్నమంటూ పెట్టాక వానాకాలం మనకోసం కనిపెట్టుకుని ఉంటుంది. ఫ్రిజ్ వెనక వేడి పోవడానికి పైకప్పులో ఒక గూడు ముందే ఉంటుంది. తీగని అందులోంచి, వేడి గొట్టానికి తగలకుండా పక్కగా దింపి, అలమారాల వెనకనించి డ్రైవరు ముందుకి తెచ్చాం. తీగ మిగిలితే కత్తిరించవద్దు. చుట్ట చుట్టి కట్టెయ్యండి.

ఇక కరెంటు. ఇంటిబండికి బ్యాటరీలు రెండు రకాలు. ఒకటి ఇంజను స్టార్టు చేసేది, రెండోది లోపలి దీపాలకీ పంపుకీ. డ్యాష్‌బోర్డు రేడియోకి మామూలుగా మొదటిదాన్నుంచే కరెంటు వస్తుంది. రాత్రి క్యాంపులో పాటలు వింటూ కూర్చుంటే తెల్లారేసరికి ఇంజను కదలదు. అందుకని మధ్యలో ఒక స్విచ్చి పెట్టి, బండి ఆగినప్పుడు రేడియో రెండో బ్యాటరీ మీద నడిచేలా చేశాం. తీగకి చిన్న ఫ్యూజు తప్పనిసరి. ఈ ఒక్క స్విచ్చి విషయంలో మాత్రం మా పొత్తుదారుగారు ఎంత పొగిడినా నేను కాదనలేదు.

మొదటిరోజు బ్రాంటీ క్రీక్ పార్కులో బండి ఆపి రేడియో పెట్టాం. వందకి పైగా ఛానళ్ళు! జాజ్, బ్లూస్, హాకీ, బేస్‌బాల్, కబుర్లు, వాతావరణం, సి.బి.సి. వార్తలు, ఫ్రెంచి పాటలు. వంతెన కిందనించి పోయినా మాట తెగదు. ఒకే కార్యక్రమాన్ని రెండు దారుల్లో నాలుగైదు సెకన్ల తేడాతో పంపుతారట, ఒకటి తప్పితే ఇంకోటి అందుకుంటుంది. మా ఆవిడ ఓపిగ్గా ఒకటినించి చివరిదాకా తిప్పి, “ఇన్నుండీ మనదొక్కటీ లేదేమండీ?” అంది.

దానికి జవాబు వెతుక్కుంటే ఒక సంగతి తెలిసింది. కెనడాలో శాటిలైట్ రేడియోకి సి.ఆర్.టి.సి. 2005 జూన్‌లో లైసెన్సులిచ్చింది. కనీసం ఎనిమిది కెనడా ఛానళ్ళుండాలనీ, వాటిలో నాలుగోవంతు ఫ్రెంచి ఉండాలనీ షరతు పెట్టింది. అది చాలదని క్విబెక్ వాళ్ళు గట్టిగా అడిగారు. వ్యవహారం కేబినెట్ దాకా వెళ్ళింది. ఫ్రెంచి ఛానళ్ళు ఇంకా పెంచుతామని కంపెనీలు ఒప్పుకున్నాయి. చెప్పొచ్చేదేమిటంటే, చట్టం వెనక ఉన్న భాషకి ఆకాశంలో చోటు దొరుకుతుంది. అడిగేవాళ్ళుంటే ఆ చోటు పెరుగుతుంది.

చట్టం లేని భాషకి చందాదారులే దిక్కు. తెలుగుకి అలాంటి అవకాశం ఒకసారి వచ్చింది. ఇండియాలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో ఉండేది. 2000 మార్చిలో ఎగిరిన ‘ఏషియాస్టార్’ ఉపగ్రహం నుంచి ఇండియా అంతటా వినిపించేది. అందులో తెలుగుకి ‘స్పందన’ అని రాత్రీ పగలూ పలికే ఛానలు, కర్ణాటక సంగీతానికి ‘శ్రుతి’ అని ఇంకోటి. హైదరాబాదులో మా తమ్ముడి ఇంట్లో కిటికీలో యాంటెన్నా పెట్టుకుని వినేవారు. ప్రకటనల గోల లేని తెలుగు రేడియో అది. కాని ఆ ఉపగ్రహం చూపు ఆసియా మీదే, మన కెనడాకి అందదు. అక్కడైనా కార్లలోకి రాలేదు, కిటికీ దగ్గరే ఆగిపోయింది. 2008 అక్టోబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో ఇండియాలో ప్రసారాలు ఆగిపోయాయి. మా తమ్ముడు ఆ పెట్టెని ఇంకా దాచాడు. దానికి వినడానికి ఇంకేమీ లేదు.

డబ్బు కట్టి రేడియో వినడం మనకి కొత్త కాదు. ఇండియాలో పోస్టాఫీసుకి వెళ్ళి ఏటా రేడియో లైసెన్సు కట్టిన రోజులు మనలో పెద్దవాళ్ళకి జ్ఞాపకమే. కెనడాలోనూ 1922లో ఏడాదికి ఒక డాలరుతో మొదలై రెండున్నర డాలర్ల దాకా పెరిగిన రేడియో లైసెన్సు 1953 వరకూ ఉండేది. ఆకాశం నుంచి తెలుగు రావడం కూడా స్పందనతో మొదలు కాలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల పల్లెలకి టెలివిజన్ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఏడాది కాగానే ఉపగ్రహం ఇంకోచోటికి జరిగిపోయింది. అంటే ఆకాశం మనకి రెండుసార్లు తెలుగు ఇచ్చింది, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది.

మరి ఇంటిబండిలో తెలుగు మాటేమిటి? రేడియో బిగించేటప్పుడు దాని పక్కనే ఒక చిన్న ఆక్స్ సాకెట్టు కూడా పెట్టాం. దానికి పట్టిన తీగ ఖరీదు మొత్తం ఖర్చులో అతి తక్కువ. ఫోనుగాని, మరేదైనా పాట పెట్టెగాని అందులో గుచ్చితే బండి మొత్తానికి వినిపిస్తుంది.

మా ఇంట్లో చెప్పుల అట్టపెట్టెలో ఇరవైమూడు కేసెట్లున్నాయి. 1978 నుంచి 1986 వరకూ మా అమ్మ పంపిన ఉత్తరాలు అవి. అమ్మకి రాత అంతగా రాదు. ట్రంకాల్ చేస్తే మూడు నిమిషాల్లో “బాగున్నావా, బాగున్నాను” తప్ప ఇంకేమీ పట్టేది కాదు. అందుకని తమ్ముడి టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి పంపేది. మనలో చాలామంది ఇళ్ళలో ఇలాంటివి ఉండే ఉంటాయి. రెండు శీతాకాలాల క్రితం వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను. రెండింట్లో రిబ్బను అతుక్కుపోయి అమ్మ గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది. ఒకటి బొత్తిగా పలకలేదు. మిగిలినవి బాగున్నాయి.

పోయిన జులైలో అగావా బే దగ్గర వాన పట్టుకుంది. బయటికి వెళ్ళే వీలు లేదు. మా తొమ్మిదేళ్ళ మనవరాలు ఫోను పలకట్లేదని మొహం ముడుచుకుని కూర్చుంది. రేడియోలో వాతావరణం విన్నాం, వాన సాయంత్రం దాకా ఉంటుందన్నాడు. అప్పుడు కేసెట్టు ఉత్తరం ఒకటి పెట్టాను. కాకులు, బావి గిలక చప్పుడు, వెనక ఎక్కడో పక్కింటి రేడియోలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం. ముందు అమ్మ గొంతు.

అమ్మకి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగి, నేనక్కడే ఉన్నట్టు జవాబుకోసం ఆగేది. టేపు ఊరికే తిరుగుతుండేది. “ఒరే నాన్నా, అక్కడ మంచు పడుతోందా?” అని ఆగింది. వెనక సీట్లోంచి మా మనవరాలు, “లేదు తాతమ్మా, వాన” అంది.

ఎవరూ నవ్వలేదు. అమ్మ తరవాతి ప్రశ్న అడిగింది. పిల్ల దానికీ చెప్పింది. తెలుగులోనే చెప్పింది. ఇంట్లో మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. ఇంగ్లీషు రాని మనిషి అడుగుతోందని దానికి తెలిసింది కాబోలు. ఆ అరగంటలో వాళ్ళిద్దరి మధ్యా నలభై ఏళ్ళ ఎడం నాకు కనిపించలేదు.

కాబట్టి మిత్రులకి నా సలహా ఇది. శాటిలైట్ రేడియో పెట్టుకోండి, ఉత్తరాది దారుల్లో అది అక్కరకొస్తుంది. ఇనుపరేకూ, స్విచ్చీ మరిచిపోకండి. దానితోపాటు ఆక్స్ సాకెట్టు కూడా తప్పకుండా పెట్టండి. ఇంట్లో కేసెట్లుంటే ఈ శీతాకాలంలోనే బయటికి తియ్యండి. ముందుగా పైనున్న రెండు చిన్న రెక్కలూ విరిచెయ్యండి, పొరపాటున చెరిగిపోకుండా ఉంటుంది. వినేముందు ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పండి. పలికినవాటిని రెండుచోట్ల దాచండి. కేసెట్లు లేనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని కూర్చోబెట్టి ఫోనులో మాట్లాడించండి. కథలే చెప్పాలని లేదు, కూర ఎలా వండాలో చెప్పినా చాలు. మధ్య మధ్య ప్రశ్నలు అడగమనండి, అడిగి కాసేపు ఆగమనండి.

మన సంఘంవారు ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో రెండు కేసెట్ ప్లేయర్లు పెట్టే ఏర్పాటు చేస్తే, ఎక్కించడం తెలియనివాళ్ళకి నేను వచ్చి సాయం చేస్తాను. ఎవరి తీగలు వాళ్ళు తెచ్చుకోనక్కర లేదు. నా దగ్గర చాలానే ఉన్నాయి.