దిగమింగమని చెప్పిన అమ్మలు

మా గూడెంలో పిల్లోడికి జరమొస్తే మిరియాల కషాయం ఉండేది. కాలు బెణికితే ఉప్పు కాపడం ఉండేది. దిష్టి తగిలితే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేవాళ్లు. మనసుకి దెబ్బ తగిలితే మాత్రం ఒక్కటే మందు. "దిగమింగుకో నాయనా" అనేవాళ్లు. ఆ మందు మా అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. మా అమ్మమ్మకి ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి పల్లె. పత్తి, మిరప పండే నేల. నేల ఊరోళ్లది, చాకిరీ మాది. సంక్రాంతి దాటిందంటే మిరప కోతలు. కోతలయ్యాక కల్లంలో తాలుకాయలు ఏరటం, తొడిమలు తీయటం. సాయంత్రానికి అమ్మ చేతులు భగభగ మండేవి. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ మంట పోదు. నేను ఏడుస్తుంటే చేత్తో తుడిచేది కాదు, కొంగుతో తుడిచేది. పత్తిచేలో పురుగుమందు కొట్టొచ్చిన రోజు నాయన మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. చూసినోళ్లు వీళ్లకి బిడ్డలంటే ప్రేమ లేదనుకుంటారు. పిల్లల్ని ముట్టుకోకుండా కాచుకోవాల్సిన బతుకు మాది.

నేను అయిదో తరగతిలో ఉండగా పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. అమ్మ ఆరెమ్పీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మాత్రలిచ్చాడు. పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. నొప్పి తగ్గలా. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు గానీ లెక్క తెలుసు. "ఆదివారం నొప్పి యాడికి పోతందిరా?" అని అడిగింది. దొంగ ఏషాలనే మాట అనలా. పక్కన కూచోబెట్టుకుని, "బళ్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది.

అప్పుడు చెప్పాను. మా గూడెం పిల్లల్ని గుమ్మం దగ్గర వేరే వరసలో కూచోబెట్టే అయ్యోరొకాయన ఉన్నాడు. ఆయన మమ్మల్ని పేరుతో పిలవడు, కులంతో పిలుస్తాడు. లెక్క తప్పితే, "మీకు చదువెందుకురా, మీరంతా బడికొస్తే మిరపకాయలెవరు కోస్తారు" అంటాడు. తరగతంతా నవ్వుతుంది. లెక్క రైటయిన రోజు ఎవరి పలక చూసి రాశావని కొడతాడు. నాయనమ్మ అంతా విన్నది. మధ్యలో అడ్డం రాలా. విన్నాక ఒక్క మాటంది: "ఇందులో తప్పు నీది కాదురా. ఆ మాటన్నోడిది."

అప్పటిదాకా తప్పు నాదే అనుకున్నాను. బాగా నల్లగా ఉన్నందుకు, చొక్కా చిరిగినందుకు, లెక్క రానందుకు అంటున్నాడనుకున్నాను. పసిబిడ్డకి కులమంటే ఏందో తెలీదు. తనలోనే ఏదో లోపముందనుకుంటాడు. అందుకని ముందు అవమానానికి దాని పేరు పెట్టి చెప్పాలి. అది కులం అని చెప్పాలి. అంబేడ్కర్ కూడా ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద బళ్లో వేరుగా కూచున్న సంగతిని, పెద్దయ్యాక 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో పూసగుచ్చినట్టు రాశాడు. అంత చదివినాయన కూడా చిన్నప్పటి గోనెపట్టాని మర్చిపోలేదు.

సంగతి తెలిసి మా అమ్మ వణికిపోయింది. ఆ అయ్యోరు మేం కూలికిపోయే కామందుకి చుట్టం. "అడిగితే రేపు కోతకి పిలవరు, ఏం తింటాం" అంది. ఆమె భయం ఉత్తి భయం కాదు. మనవాళ్లు పిల్లల్ని నోరుమూసుకోమన్నారంటే దాని వెనక కూలి ఉంది, అప్పు ఉంది, తన్నులున్నాయి. నోరెత్తినోణ్ణి కొట్టిన ఊళ్లో బిడ్డ నోరు మూయటం కూడా బిడ్డని కాపాడుకోవటమే. ఆ తల్లుల్ని నేను తప్పు పట్టను. కానీ ఆ మందు వంటిని కాపాడింది, మనసుని కాపాడలా.

నాయనమ్మ ఒక్కతే పోలా. చర్చిలో స్త్రీల సమాజం ఆడోళ్లని పోగుచేసింది. వరసలో కూచునే పిల్లల తల్లులంతా కలిసి సోమవారం బడికి పోయారు. ఆరుగురు ఒకేసారి కోతకి రామంటే కామందుకే నష్టం. ఆ లెక్క కూడా మా నాయనమ్మదే. అయ్యోరు తప్పయిందని అన్లేదు. కానీ వరస చెదిరింది. ఆ తర్వాత నన్ను పేరుతో పిలిచాడు. నా కడుపునొప్పికి మందు అదే.

ఆ మరుసటేడు, 1985 జులై 17న, మాకు దగ్గర్లోనే కారంచేడు జరిగింది. తాము తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ అది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. తెల్లారి మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. మిగిలినోళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

మా గూడెంలో చాలా రాత్రుళ్లు దీపాలు ఎలిగించలా. పెద్దోళ్లు గుసగుసలాడేవాళ్లు, మేం దగ్గరికొస్తే టక్కున ఆపేవాళ్లు. పిల్లలకి తెలిస్తే జడుసుకుంటారని వాళ్ల ఆలోచన. కానీ మాకు వార్త కంటే ముందు ఆ మౌనమే అందింది. మా చెల్లి నిద్రలో కేకలేసి లేచేది, చాప తడిపేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నేను కళ్లు మూసుకుంటే తలుపు కొట్టినట్టుండేది.

ఒకరోజు నాయన నన్ను చీరాల శిబిరానికి తీసుకుపోయాడు. పిల్లలు గుంపుగా కూచుని పాటలు పాడుతున్నారు. ఒకామె మైకులో ఏడుస్తూనే జరిగింది జరిగినట్టు చెప్పింది, చంపినోళ్ల ఊసూ చెప్పింది. బళ్లో తిట్టుగా ఉన్న మా కులం పేరుని తలెత్తి పలకటం నేను అక్కడే మొదటిసారి విన్నాను. తిరుగు బస్సులో నాయన నేనడిగినవన్నీ చెప్పాడు. చివర్న, "నాకూ బయంగానే ఉంటదిరా. నీకు బయమేస్తే లేచొచ్చి నా పక్కన పడుకో" అన్నాడు. మగోడివి భయపడమాక అనలా. ఆ రాత్రి నేనూ చెల్లీ ఆయనకి చెరోపక్క పడుకుని నిద్రపోయాం.

ఆ శిబిరంలోని వాళ్లు చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకుని నిలబడ్డారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. కేసులు, కోర్టులు, నష్టపరిహారాల గురించి మనం ఎన్నో కరపత్రాలు రాశాం. ఆ రాత్రులు చూసిన పిల్లలు ఎట్లా నిద్రపోయారనేది మాత్రం ఎక్కువగా రాయలా.

2016 జనవరి 17న మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్నాడు. హాస్టల్ నుంచి గెంటేస్తే నలుగురు తోటివాళ్లతో కలిసి గుడారమేసి దానికి 'వెలివాడ' అని పేరుపెట్టుకున్న పరిశోధక విద్యార్థి. చిన్ననాటి ఒంటరితనం నుంచి తేరుకోలేకపోయానని ఉత్తరంలో రాసుకున్నాడు. బట్టలు కుట్టి పిల్లల్ని చదివించిన రాధిక ఏం లోటు చేసిందని ఆ తల్లిని అడుగుతాం? అడగాల్సింది యూనివర్సిటీని. ఆమె అదే అడిగింది. 2019లో, ముంబైలో బిడ్డ డాక్టర్ పాయల్ తడ్విని పోగొట్టుకున్న ఆబేదా తడ్వితో కలిసి, కాలేజీల్లో కులవివక్ష మీద సుప్రీంకోర్టుకెక్కింది.

బడి చేసిన గాయాన్ని ఇల్లొక్కటే మాన్పలేదు. కానీ ఇల్లు పోయి బడి పక్షాన నిలబడకూడదు. ఇప్పుడు మనవాళ్లు అప్పుచేసి గుంటూరు, విజయవాడ కార్పొరేట్ హాస్టళ్లలో పిల్లల్ని వేస్తున్నారు. "ఉండలేనమ్మా" అని బిడ్డ ఫోన్ చేస్తే, "ఫీజు కట్టాం, సర్దుకో" అంటున్నాం. అది పాత మందే, సీసా మారింది.

ఆదివారం లేని నొప్పి సోమవారం ఎందుకొస్తందో చూడండి. తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, ఉన్నట్టుండి చదువు పడిపోయినా, ఆటకి పోకుండా మూల కూచున్నా అడగండి. అడిగి, చెప్పేదాకా ఆగండి. విన్నాక "నువ్వేం చేశావు" అని మొదలెట్టకండి. బతకాలని లేదంటే బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. 2022 అక్టోబరు నుంచి 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. మనసుకి వైద్యం చేయించుకోవటం పిచ్చి కాదు, తలవంపూ కాదు.

బళ్లో కొట్టటం, మానసికంగా వేధించటం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచార నిరోధక చట్టం ఉంది. అయితే కూలికి పోయే తల్లి ఒక్కతే చట్టం పట్టుకుని బడి మెట్లెక్కలేదు. అక్కడ సంఘం కావాలి. మన మీటింగుల్లో పిల్లల్ని బైటికి పంపి తలుపేసుకుంటాం. వాళ్లనీ లోపల కూచోబెట్టండి, నెలకొకసారైనా వాళ్ల బడి సంగతులు వినండి. ఏ బిడ్డన్నా పేరు చెప్పి ఏడిస్తే, తెల్లారి ఆ తల్లితో పాటు పదిమంది బడికి పోవాలి. పిల్లల మనసు కాపాడటమంటే మన గూడేల్లో అది కూడా ఉద్యమం పనే.